గంజాం, గంజాయి, మన చట్టం

"మాది గంజాం జిల్లా" అనగానే పై ఊళ్ళ బంధువులు నవ్వు ఆపుకోలేరు. "అంటే గంజాయి జిల్లా అన్నమాట!" అని ఓ చెణుకు విసురుతారు. పెళ్ళిళ్ళలోనూ రైలు ప్రయాణాల్లోనూ ఈ మాట విని విని మనకు అలవాటైపోయింది. నిజానికి ఈ రెండు పేర్లకూ చుట్టరికం లేదు. ఋషికుల్య ఒడ్డున ఉన్న పాత గంజాం పట్టణం, అక్కడి కోట వల్ల జిల్లాకు ఆ పేరు వచ్చింది. ధాన్యాగారం అనే అర్థంలో 'గంజ్-ఎ-ఆమ్' అన్న మాటే గంజాం అయిందని చెబుతారు. తిండిగింజల పేరు కాస్తా మత్తుమొక్క పేరైపోవడం మన దురదృష్టం.

పేరుకు సంబంధం లేకపోయినా, ఊరికి మాత్రం సంబంధం లేదని అనలేం. మన వెనక గజపతి, కంధమాల్ కొండలున్నాయి. ఇంకా లోపలికి వెళితే కొరాపుట్, మల్కనగిరి. సరిహద్దు దాటితే ఆంధ్రలో సీలేరు, చింతపల్లి, ముంచింగిపుట్టు. ఈ కొండల్లో దొంగచాటుగా పండేది దేశమంతటా పోతుంది. కొండ దిగిన సరుకుకు పెద్ద రైలుమార్గం కావాలి. హౌరా-చెన్నై లైను మన బరంపురం మీదుగానే పోతోంది. అందుకే స్టేషన్లో సంచులు పట్టుబడ్డాయన్న వార్త తరచుగా చదువుతుంటాం, చదివి పేజీ తిప్పేస్తుంటాం.

మా గేట్ బజార్ కుర్రవాళ్ళు మాత్రం పేజీ తిప్పరు, ప్రశ్నలు వేస్తారు. "అంకుల్, కెనడాలో దుకాణంలో బిల్లు ఇచ్చి అమ్ముతున్నారు. ఇక్కడ పదేళ్ళు జైలు. అంతర్జాతీయ చట్టం అంటూ ఒకటి ఉంటే అందరికీ ఒకటే ఉండాలి కదా?" అని ఒకడు అడిగాడు. ప్రశ్న సబబైనదే. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి, వకీలును కాను. కానీ ముప్ఫై ఏళ్ళుగా సర్క్యులర్లు చదివి చదివి, ఏ కాగితంలోనైనా 'తప్పనిసరి' ఎక్కడుంది, 'మీ విచక్షణ' ఎక్కడుంది అని వెతకడం అలవాటైంది. ఆ కళ్ళతోనే ఈ చట్టాలూ చదివాను. చదివింది మన పత్రిక పాఠకులతో పంచుకుంటే బాగుంటుందనిపించింది.

ముందు కొంచెం చరిత్ర. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం గంజాయి మీద విచారణకు ఒక కమిషన్ వేసింది. ఏడుగురు సభ్యులు, వారిలో ముగ్గురు భారతీయులు. 1,193 మంది సాక్షుల్ని విచారించి 1894లో నివేదిక ఇచ్చారు. మితంగా వాడితే పెద్ద హాని కనబడలేదు, అతిగా వాడితే హాని ఉంది, పూర్తిగా నిషేధించడం కన్నా పన్ను వేసి అదుపులో పెట్టడం మేలు అని తేల్చారు. అప్పటికి మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒరిస్సాలో కలిసింది 1936లో. ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు దేశంలో అనేక చోట్ల సర్కారు లైసెన్సు మీద గంజాయి దుకాణాలు నడిచాయి. మా నాన్నగారి తరం వాటిని కళ్ళారా చూసింది.

1925లో జెనీవాలో కుదిరిన ఒప్పందం గంజాయిని మొదటిసారిగా అంతర్జాతీయ అదుపులోకి తెచ్చింది. అయితే అది ముఖ్యంగా దేశాల మధ్య వ్యాపారానికి సంబంధించింది. అసలు మలుపు 1961. ఆ ఏడాది ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో మాదకద్రవ్యాలపై ఏకైక ఒడంబడిక కుదిరింది. నల్లమందు, కొకెయిన్, గంజాయి వంటివి వైద్యానికీ శాస్త్ర పరిశోధనకూ తప్ప మరి దేనికీ వాడకూడదన్నది దాని సారాంశం. మన దేశం ఒక మినహాయింపు కోరింది: ఇక్కడ గంజాయి వాడకం పాత అలవాటు, ఒక్కసారిగా ఆపలేం, గడువు కావాలి అని. అలాంటి దేశాలకు ఒడంబడిక 25 ఏళ్ళ గడువు ఇచ్చింది. అది అమల్లోకి వచ్చింది 1964 డిసెంబరులో కనుక గడువు 1989 డిసెంబరుతో తీరాలి. దానికి నాలుగేళ్ళ ముందే, 1985 నవంబరు 14 నుంచి మన ఎన్.డి.పి.ఎస్. చట్టం అమల్లోకి వచ్చింది.

ఇక్కడొక చిత్రం ఉంది. శివరాత్రికి భాంగ్ తాగినవాణ్ణి ఎవరూ పట్టుకోరు, మన ఒడిశాలో దానికి లైసెన్సు దుకాణాలు కూడా ఉంటూ వచ్చాయి. అదే మొక్క పువ్వు జేబులో ఉంటే కేసు. ఇదెలా అంటే, 1961 ఒడంబడికలోనే గంజాయి అంటే పూత, కాపు ఉన్న కొసలు మాత్రమే అని రాశారు. కొసలు లేకుండా విడిగా ఉన్న ఆకునూ గింజనూ ఆ నిర్వచనం నుంచి తప్పించారు. మన చట్టం ఆ నిర్వచనాన్నే తీసుకుంది. ఆకుతో చేసే భాంగ్ ఆ విధంగా కేంద్ర చట్టం చేతికి చిక్కకుండా, రాష్ట్రాల ఎక్సైజు చట్టాల కిందికి వచ్చింది. అంటే ఈ విషయంలో మన చట్టం, అంతర్జాతీయ ప్రమాణం అచ్చుగుద్దినట్టు ఒకటే.

తేడా వచ్చేది శిక్షల దగ్గర. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, హెడ్డాఫీసు సర్క్యులర్ 'తగిన చర్య తీసుకోవాలి' అంటుంది. ఎంత చర్య అన్నది కింది ఆఫీసు రాసుకుంటుంది. 1961 ఒడంబడిక సాగు, రవాణా, అమ్మకం వంటివాటిని నేరాలుగా పరిగణించి, తీవ్రమైనవాటికి జైలుతో సహా తగిన శిక్ష వేయమంది. ఇన్నేళ్ళు అని అంకె వేయలేదు. కనీస శిక్ష ఇంత ఉండాలనీ అనలేదు. ఇంకా కఠినంగా ఉండాలనుకున్న దేశాన్ని ఉండమంది. అంకెలన్నీ మనం వేసుకున్నవే. 2001లో చట్టాన్ని సవరించి, సరుకు బరువును బట్టి మూడు మెట్లు పెట్టారు. గంజాయికి ఒక కిలో వరకూ చిన్న మొత్తం. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. చిన్న మొత్తానికి ఏడాది దాకా జైలు లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. మధ్య మెట్టుకు పదేళ్ళ దాకా. వాణిజ్య మొత్తానికి మాత్రం కనీసం పదేళ్ళు, గరిష్ఠం ఇరవై, పైన లక్ష నుంచి రెండు లక్షల జరిమానా. మధ్య మెట్టులో జడ్జిగారికి విచక్షణ ఉంది. పై మెట్టులో పదేళ్ళకు తగ్గించే అధికారం లేదు.

ఈ లెక్క కాగితం మీద చదివినప్పుడు సమంజసంగానే కనబడింది. కొన్నేళ్ళ క్రితం మా బ్రాంచికి పర్లాకిమిడి పైన కొండ గ్రామం నుంచి ఒక పెద్దాయన వచ్చినప్పుడు అదే లెక్క వేరుగా కనబడింది. చేతిలో ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు. గడువుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. "ఇరగ్గొట్టీండి బాబూ, కొడుకు జైల్లో ఉన్నాడు, వకీలుకివ్వాలి" అన్నాడు. కుర్రవాడికి పంతొమ్మిదేళ్ళు. ఎవరో రెండు సంచులిచ్చి రైలెక్కించమన్నారు, నాలుగు వేలిస్తామన్నారు. రెండు సంచులూ కలిపి తూకం 22 కిలోలు. రెండు కిలోలు తక్కువై ఉంటే వాడు మధ్య మెట్టులో ఉండేవాడు. సంచులిచ్చినవాడు ఎవరో, ఎక్కడివాడో కుర్రవాడికి తెలియదు. పోలీసు కాగితాల్లోనూ వాడి పేరు లేదు.

నేను ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించి, "పెద్దయ్యా, ఈ డబ్బు ఇప్పుడే తీయకు. ముందు కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవల ఆఫీసుకు వెళ్ళు" అన్నాను. 1987 నాటి చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవారికీ, షెడ్యూల్డ్ కులాల, తెగల వారికీ ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. వెళ్ళాడు, వకీలును ఇచ్చారు. అయినా బెయిలు రాలేదు.

ఎందుకు రాలేదో తర్వాత చదివితే తెలిసింది. 37వ సెక్షను ప్రకారం వాణిజ్య మొత్తం కేసుల్లో బెయిలు ఇవ్వాలంటే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి తగిన ఆధారం ఉందనీ, బయటికి వస్తే మళ్ళీ నేరం చేయడనీ జడ్జిగారికి తృప్తి కలగాలి. విచారణ మొదలవకుండానే నిర్దోషినని చూపించుకోవాలన్నమాట. ఈ షరతు 1961 ఒడంబడికలో లేదు. పైగా మన దేశం 1979లో చేరిన పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక, నేరం రుజువయ్యే దాకా ప్రతివాణ్ణీ నిర్దోషిగానే చూడాలంటుంది. రెండు అంతర్జాతీయ కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితేనే మన చట్టం ఎక్కడ నిలబడి ఉందో తెలుస్తుంది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒక గంజాయి కేసులో, నిందితుడు ఏడేళ్ళకు పైగా జైల్లో ఉన్నా విచారణ తెమలలేదని బెయిలిచ్చింది. విచారణలో అతి జాప్యం జరిగితే 37వ సెక్షను బెయిలుకు అడ్డం కాదని చెప్పింది. పెద్దాయన కొడుక్కు కూడా ఆలస్యం కారణంగానే చివరికి బెయిలు వచ్చింది, నాలుగో ఏడు నడుస్తుండగా. అప్పటికి డిపాజిట్ గడువు తీరింది, రెన్యూవల్ కూడా అయింది.

మరణశిక్ష సంగతీ ఇలాంటిదే. 1989 సవరణలో కొన్ని పెద్ద నేరాలు రెండోసారి చేసినవారికి ఉరిశిక్ష తప్పనిసరి చేశారు. 2011లో బొంబాయి హైకోర్టు ఆ 'తప్పనిసరి'ని కొట్టేసింది. 2014లో పార్లమెంటు దాన్ని జడ్జిగారి విచక్షణకు వదిలింది. సింగపూరులో ఇప్పటికీ 500 గ్రాములు మించిన గంజాయి రవాణాకు ఉరిశిక్ష ఉంది.

ఇక మా గేట్ బజార్ కుర్రవాడి ప్రశ్నకు వస్తాను. పోర్చుగల్ 2001లో సొంత వాడకానికి చిన్న మొత్తం దగ్గరుంచుకోవడాన్ని జైలు నేరాల్లోంచి తీసేసింది. వాడుకదారుణ్ణి కోర్టుకు బదులు ఒక సలహా సంఘం ముందుకు పంపుతారు. అమ్మకం మాత్రం నేరమే. వాడకందార్లకు శిక్షకు బదులు చికిత్స ఇవ్వొచ్చని ఒడంబడికలే చెబుతున్నాయి. కనుక పోర్చుగల్ గీత దాటలేదనే చెప్పాలి. ఉరుగ్వే 2013లో చట్టం చేసింది, కెనడా 2018 అక్టోబరు 17 నుంచి అమ్మకాన్నే అనుమతించింది. ఇది ఒడంబడికకు విరుద్ధమని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల నియంత్రణ బోర్డు చెబుతూనే ఉంది, ఆ దేశాలు వినడం లేదు. థాయిలాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అని మళ్ళీ సగం మూసింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకరమైన జాబితా నుంచి తీసేసింది. అనుకూలంగా 27 ఓట్లు, వ్యతిరేకంగా 25. మన దేశం అనుకూలంగా ఓటు వేసింది. అంతమాత్రాన గంజాయి స్వేచ్ఛ పొందలేదు, మొదటి జాబితాలో అలాగే ఉంది. కనుక 'ప్రపంచమంతా వదిలేసింది, మనమే పట్టుకున్నాం' అన్నది సగం నిజం.

మన చట్టంలో కూడా వాడుకదారుడికి ఒక దారి ఉంది, ఎవరూ చెప్పరు. 64-ఎ సెక్షను ప్రకారం, అలవాటు పడినవాడు చిన్న మొత్తం కేసులో ఉంటే, తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ఒప్పుకుని పూర్తి చేస్తే అతనిపై విచారణ ఉండదు. పరువు పోతుందని ఇంట్లో దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి. మత్తు మానిపించడానికి ప్రభుత్వ ఉచిత ఫోను 14446. న్యాయసహాయానికి 15100.

ఇంతవరకూ చెప్పింది నాణేనికి ఒక వైపు. రెండో వైపు గురించి మనం మాట్లాడుకోం. 1961 ఒడంబడిక మొదట్లోనే, నొప్పి, బాధ తగ్గించడానికి ఈ మందులు అత్యవసరం, అవి రోగులకు అందేలా చూడాలి అని రాసి ఉంది. అదుపు ఎంత ముఖ్యమో అందుబాటు అంత ముఖ్యం. మన చట్టం మొదటిది పట్టుకుని రెండోది వదిలేసింది. 1985 తర్వాత మార్ఫిన్ కోసం ఆసుపత్రులు రకరకాల లైసెన్సులు, రకరకాల శాఖల నుంచి తెచ్చుకోవలసి వచ్చింది. ఒకటి వచ్చేలోగా మరొకటి గడువు తీరేది. ఆసుపత్రులు, మందుల షాపులు విసిగి ఆ మందే పెట్టడం మానేశాయి. 1997 నాటికి దేశం మొత్తం మీద మార్ఫిన్ వైద్య వాడకం 18 కిలోలకు పడిపోయింది. అంటే పన్నెండేళ్ళలో నూటికి 97 వంతులు తగ్గింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ లైసెన్సుతో గసగసాల పంట పండించి, ప్రపంచానికి నల్లమందు ఎగుమతి చేసే దేశం మనది!

2008లో మా పెద్ద మేనమామకు దవడ క్యాన్సరు. జీవితమంతా జర్దా. కోత అయింది, రేడియేషన్ అయింది, ఇక చేసేదేమీ లేదన్నారు. నొప్పి మాత్రం మిగిలింది. రాత్రంతా మంచం పట్టె పట్టుకుని కూర్చునేవారు, మాట రాదు. డాక్టరుగారు మంచివారు. "మార్ఫిన్ మాత్రలు ఇవ్వాలి. రాసివ్వగలను, కానీ ఇక్కడ దొరకవు" అన్నారు. అయిదు ఊళ్ళు వాకబు చేశాక దూరంగా ఒక నగరంలో దొరుకుతుందని తెలిసి, అక్కడే గది అద్దెకు తీసుకుని ఉంచాం. చివరి మూడు వారాలు ఆయన రాత్రిళ్ళు నిద్రపోయారు. మనవరాలి పేరు పలికారు. ఆ మాత్ర ఖరీదు కొద్ది రూపాయలు. మా అత్తయ్య ఇప్పటికీ అంటుంది: "పదకొండు వారాల బాధ ఏ దేవుడు పెట్టాడురా?" అని. దేవుడు కాదత్తా, ఫారాలు అని చెప్పడానికి నాకు నోరు రాదు.

కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ వంటివారు ఏళ్ళ తరబడి పోరాడగా, 2014లో చట్టం మారింది. మార్ఫిన్‌తో సహా ఆరు మందుల్ని 'అత్యవసర మాదక ఔషధాలు'గా ప్రకటించారు. ఆసుపత్రికి రాష్ట్ర ఔషధ నియంత్రణాధికారి గుర్తింపు ఒక్కటి ఉంటే చాలు. చట్టం దారి ఇచ్చింది. ఆ దారిన నడిచే ఆసుపత్రులు మన వంటి ఊళ్ళలో పెరగాలి.

విదేశాల్లో పిల్లలున్నవారికి రెండు ముక్కలు. మన వంటింటి గసగసాలు మన చట్టంలోనూ 1961 ఒడంబడికలోనూ నిషిద్ధం కావు, గింజను రెండూ వదిలేశాయి. కానీ దుబాయి విమానాశ్రయంలో అదే గసగసాల పొట్లం నేరం. కోడలికి మసాలా పొడి పంపేముందు అందులో ఏముందో చూడండి. నొప్పికి వాడే ట్రమడాల్ అంతర్జాతీయ జాబితాల్లో లేదు. మన దేశం మాత్రం 2018లో దాన్ని ఎన్.డి.పి.ఎస్. కిందికి తెచ్చింది, గల్ఫ్‌లో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్ళకూడదు. ఎవరో ఇచ్చిన మందుల పొట్లం ఎట్టి పరిస్థితిలోనూ మోయకండి. అమెరికాలో ఉన్న పిల్లలకూ చెప్పండి: రాష్ట్రం గంజాయిని అనుమతించినా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు, వీసా ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వమే.

చివరిగా కొండ మీది సంగతి. 2021లో ఆంధ్ర పోలీసులు 'పరివర్తన' పేరుతో మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. మన వైపు కూడా నరుకుతూనే ఉన్నారు. 1988 నాటి ఒడంబడిక తోటలు నిర్మూలించమంటూనే, మానవహక్కులు గౌరవించమనీ, బదులు పంటలకు గ్రామాభివృద్ధి జోడించమనీ అంటుంది. బ్యాంకు మనిషిగా నాకు తెలిసిన లెక్క ఇది: కాఫీ మొక్క నాటితే కాపుకు మూడు నాలుగేళ్ళు. గంజాయి చేతికి రావడానికి అయిదారు నెలలు. వ్యాపారి ముందే అడ్వాన్సు ఇచ్చి, ఇంటి ముందుకొచ్చి కొనుక్కుపోతాడు. ఆ మధ్య మూడేళ్ళు ఆ రైతు ఏం తింటాడన్న ప్రశ్నకు జవాబు లేని పథకం నిలవదు. 2025 జనవరి నుంచి హామీ లేకుండా 2 లక్షల వరకూ పంట రుణం ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు పెంచింది. మంచిదే. కాని రుణం ఒక్కటే చాలదు. పసుపునీ అల్లాన్నీ మిరియాన్నీ కొనేవాడు కూడా ఆ కొండ ఎక్కాలి.

ఇంత చదివాక నా అభిప్రాయం ఇది. గంజాయిని దుకాణాల్లో పెట్టమని నేననను. చదువుకునే పిల్లల మీద అది చేసే హాని చూశాను. కానీ సంచి మోసినవాడికి పదేళ్ళు, సంచి ఇచ్చినవాడికి పేరే లేదు అన్న పద్ధతిని ఏ ఒడంబడికా కోరలేదు. నొప్పితో పోయేవాడికి మాత్ర అందకపోవడాన్ని అసలే కోరలేదు. అవి మనం చేసుకున్నవి, మార్చుకోవలసిందీ మనమే.

మన సమాజం కార్యదర్శిగారికి ఒక విన్నపం. వచ్చే త్రైమాసిక సమావేశంలో ఎప్పటిలా పాటల పోటీ పెట్టండి, దానితోపాటు ఒక గంట కేటాయించి న్యాయసేవల సంస్థ నుంచి ఒక వకీలునూ, నొప్పి చికిత్స తెలిసిన ఒక డాక్టరునూ పిలవండి. ఖర్చులో నా వంతు నేను ఇస్తాను.